నాలుగు బై పద్నాలుగు

రాత్రి పదకొండున్నర. నల్లపాడు రోడ్డు కోల్డ్ స్టోరేజీ.
గేటు బయట ఇరవై మూడు లారీలు, అన్నీ తేజా రకం.
కాటా గదిలోంచి మస్తాన్‌వలీ ఫోను:
"మేడమ్, చీటీ రావట్లా. తూకం తెర మీదే నిలబడిపోయింది."

సాయంత్రమే నెట్ కంపెనీ మార్చాం.
నూట తొంభై రెండుతో మొదలయ్యేవన్నీ తీసి
పదితో మొదలయ్యేవి పెట్టాను.
పెళ్ళయ్యాక ఇంటిపేరు మారితే
ఎన్ని కాగితాల మీద పాతది మిగిలిపోతుందో
నాకు తెలియంది కాదు. అయినా
గంటలో అయిపోతుందని యజమానికి చెప్పాను.

ఉన్నది ఒక్కటే పెట్టె. దాని కడుపులో నాలుగు మిషన్లు.
ఒకటి కాటా లెక్క, ఒకటి అద్దె బిల్లులు,
ఒకటి గదుల చలి చూసేది.
నాలుగోది నాకంటే ముందు పనిచేసిన ఏసుపాదం గారు పెట్టింది,
దాని పేరు బుజ్జి.
అదేం చేస్తుందో ఎవరికీ తెలీదు,
ఆపే ధైర్యమూ ఎవరికీ లేదు.

పింగ్ కొట్టాను. పెట్టె పలికింది.
లోపలి నలుగురూ పలకలేదు.
ఇంటివాడు గుమ్మంలోనే ఉన్నాడు,
అద్దెకున్నవాళ్ళే అజా లేరు.

కాటా మిషన్ తెరిచి చూస్తే దానికింకా పాత గేట్‌వేనే గుర్తు.
మార్చాను. బిల్లులదీ మార్చాను. చలిదీ మార్చాను.
అందుబాటులో లేదు.
అందుబాటులో లేదు.
ఒక తుమ్ము.
సర్వర్ ఫ్యాను రెక్కల మీద కూడా ఎర్రటి పొడే.

బ్రాడీపేటలో పెరిగినదాన్ని నేను.
మాది నాలుగు బై పద్నాలుగు,
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
మధ్యలో ఒక గీత, అటో అంకె, ఇటో అంకె.
రిక్షా అతను ఇంకేమీ అడిగేవాడు కాదు.
కాలేజీలో మాస్టారు బోర్డు మీద చుక్కలు పెట్టి
చివర గీత గీసి ఇరవై నాలుగు వేసి
ఇదీ అడ్రసు అంటే
క్లాసంతా బిక్కమొహాలు, నేనొక్కదాన్నే నవ్వాను.
ఆ నవ్వే తెచ్చి పడేసింది నన్ను
ఈ ఘాటులోకి.

తీగకి చెవి ఆనించే కమాండ్ ఒకటుంది. ఆనించాను.
లోపల బుజ్జి అడుగుతోంది:
పాత గేట్‌వే ఎవరు? ఎవరైతే వాళ్ళు నాకు చెప్పండి.
సెకనుకోసారి. విసుగు లేదు.
పక్కనే కాటా మిషన్ కొత్త గేట్‌వేని అడుగుతోంది,
సరైన పేరుతో, సరైన మర్యాదతో.
దానికీ జవాబు లేదు.
సరైన ప్రశ్నకీ తప్పు ప్రశ్నకీ ఒకే మౌనమైతే
లోపం ప్రశ్నలో లేదు.

టార్చి వేసుకుని పెట్టె వెనక్కి దూరాను.
నెట్ కుర్రాడు కొత్త తీగని రెండో రంధ్రంలో గుచ్చి పోయాడు.
మొదటిది ఖాళీ.
నలుగురి కోసం కట్టిన బ్రిడ్జి మాత్రం
ఆ ఖాళీ రంధ్రానికే కట్టి ఉంది.
వంతెన ఉంది, మనుషులున్నారు,
అవతలి ఒడ్డు లేదు.
పైగా కొత్త అంకెని ఆ రెండో రంధ్రానికి
నేరుగా ఇచ్చింది నేనే.
ఇంటివాడికి వేరే గుమ్మం తెరిచి
అద్దెవాళ్ళ మెట్లు పీకేసినట్టు.
కుర్రాణ్ణి తిట్టడానికి తీసిన ఫోను
మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

రెండో రంధ్రాన్ని వంతెనకి కట్టి
అంకెని వంతెన మీదికి ఎక్కించాను.
ఇదే పని ఇంటినుంచి చేసుంటే
ఎక్కడో ఒక అక్షరం తప్పి
నా తలుపు నా మొహానే మూసుకునేది.
ఎంటర్.
కొత్తగా కట్టిన వంతెన పదిహేను సెకన్లు ఆలోచించుకుంటుంది,
ఎవరినీ దాటనివ్వదు. పుస్తకాల్లో ఉన్నదే.
చదివి ఉండటం వేరు,
బయట లారీ హారన్లు వింటూ లెక్కపెట్టడం వేరు.

పలికింది.

కాటా గదిలో ప్రింటరు గరగరమంది.
నూట ఎనభై టిక్కీలు, సత్తెనపల్లి బండి.
డ్రైవరు చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని
ఇంజను వేశాడు. ఏం జరిగిందని కూడా అడగలేదు.
మస్తాన్‌వలీ టీ పంపాడు, సగం ఒలికి.

బుజ్జి ఇంకా పాత గేట్‌వేనే అడుగుతోంది.
దాని పాస్‌వర్డ్ నా దగ్గర లేదు.
ఏసుపాదం గారి నంబరు ఉంది, పాత డైరీలో,
పెన్సిలుతో.
ఇంకా అదేనో కాదో.
తెల్లారాక కొట్టి చూడాలి.